నమ్మకానికి ఎనభై మార్కులు

మా పి.డి. గారు తూనికలు కొలతల శాఖ నుంచి డిప్యుటేషన్ మీద వచ్చారు. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే తర్వాత జరిగినవన్నీ మీకు సహజంగానే కనిపిస్తాయి.

ఊరి పేరు చెప్పను. చెబితే మిగతా ఊళ్ళవాళ్ళు మా ఊరికేం తక్కువని నొచ్చుకుంటారు. ఉత్తరాంధ్రలో ఓ మోస్తరు మునిసిపాలిటీ అనుకోండి. అక్కడ మనోవికాస కేంద్రం అని ప్రభుత్వంవారి కౌన్సెలింగ్ కేంద్రం ఉంది. పాత పశువుల ఆసుపత్రిలో పెట్టారు. కొత్త ఆసుపత్రి వెనక వీధిలో కట్టారన్న సంగతి తెలియక ఇప్పటికీ వారానికి ఒకరిద్దరు మా గుమ్మం ముందుకి గేదెల్ని తోలుకొస్తుంటారు. సిబ్బంది ముగ్గురం. ప్రాజెక్టు డైరెక్టరు సదానందమూర్తి గారు, అందరూ పి.డి. గారంటారు. కౌన్సెలర్ని నేను, పేరు హైమవతి, తొమ్మిదేళ్ళుగా కాంట్రాక్టు ఉద్యోగం. అటెండరు నూకరాజు. అతనూ, అతని నడుం నొప్పీ పర్మినెంటు.

ఏప్రిల్లో రాజధాని నుంచి ఒక శిక్షకుడు వచ్చి మాకు ఒక పూట క్లాసు తీసుకున్నాడు. కుర్రాడు బాగానే చెప్పాడు. "కొత్తగా వచ్చిన మనిషి మనసు విప్పాలంటే ముందు మీ మీద నమ్మకం కుదరాలి. తొందరపెట్టకండి. నమ్మకం కుదిరాకే అసలు కౌన్సెలింగ్ మొదలవుతుంది" అన్నాడు. తొమ్మిదేళ్ళుగా నేను చేస్తున్నదీ అదే కాబట్టి తలూపి ఊరుకున్నాను. పి.డి. గారు ఊరుకోలేదు. పెన్ను మూత తీశారు.

"ఎంత కుదరాలి?" అన్నారు.

శిక్షకుడికి ప్రశ్న అర్థం కాలేదు. "అంటే... తగినంత సార్."

"తగినంత అనేది కొలత కాదండీ. రేపు ఆడిట్ వాళ్ళొచ్చి, ఈ క్లయింటుకి నమ్మకం ఎక్కడ కుదిరింది, ఎంత కుదిరింది, ఎవరు చూశారు అని అడిగితే నేనేం చూపించాలి? చెప్పండి."

కుర్రాడు నాలుగు గంటల బస్సు ఉందని వెళ్ళిపోయాడు. వారం తిరక్కుండా సర్క్యులర్ వచ్చింది. రాసింది పి.డి. గారే, అందుకున్నదీ మేమిద్దరమే అయినా, అది ముందు ఔట్‌వార్డులో నంబరు వేయించుకుని, మళ్ళీ ఇన్‌వార్డులో నంబరు వేయించుకుని, పక్క గదిలోంచి నా బల్ల మీదకి మూడు రోజుల్లో చేరింది.

"ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, కొత్తగా నమోదైన క్లయింటుకు కౌన్సెలర్ పట్ల విశ్వాసము నూటికి ఎనభై మార్కులకు తగ్గకుండా ఏర్పడినట్లు ధృవీకరణ పత్రము జారీ అయ్యేంతవరకు, సదరు క్లయింటు సమస్యను వినుట, విన్నట్లు కనబడుట, వినుటకు ఉద్యుక్తులగుట నిషేధించడమైనది."

మార్కులు నాలుగు అంచెల్లో, అంచెకి ఇరవయ్యైదు. చూపు, నవ్వు, పడుట, రహస్యము. నాలుగింట ఏ ఒక్కటి పోయినా డెబ్బయ్యైదే కాబట్టి నాలుగూ గట్టెక్కాల్సిందే. చూపు కొలవడానికి పి.డి. గారు తన పాత శాఖ నుంచి ఒక స్టాప్‌వాచ్ అడిగి తెప్పించారు. దాని వెనక ప్రభుత్వ ముద్ర ఉంది.

ఆ సర్క్యులర్ కింద మాకు వచ్చిన మొదటి క్లయింటు తవిటయ్య.

యాభై దాటిన మనిషి. మునిసిపాలిటీలో నీళ్ళ ట్యాంకు ఆపరేటరు. చేతిలో టోపీ, జేబులో మునిసిపల్ ఇంజినీరు చక్రధరరావు గారి ఉత్తరం. ఉత్తరంలో ఇలా ఉంది: "ఆరో వార్డు ప్రాథమిక పాఠశాల ఆవరణలోని ఓవర్‌హెడ్ ట్యాంకు కూలిపోవునని ఈ ఉద్యోగి నిరాధారమైన భయము పెంచుకొని, గత నాలుగు నెలలుగా సదరు ట్యాంకును సగమునకు మించి నింపుట లేదు. మూడవ అంతస్తు వాసులకు నీరు అందక ఫిర్యాదులు వచ్చుచున్నవి. ఇతనిని విధుల నుండి తప్పించి, ట్యాంకు పూర్తిగా నింపుటకు వేరొకరిని నియమించడమైనది. ట్యాంకుపై ఇతను ఇచ్చిన ఫిర్యాదు, ఇతని మానసిక స్థితిపై మీ నివేదిక అందిన పిమ్మట పరిశీలించబడును."

నేను ఉత్తరం చదవడం పూర్తయ్యేలోపే తవిటయ్య మొదలెట్టేశాడు.

"నాకే రోగమూ నేదు తల్లీ. ట్యాంకుకుంది. తూర్పు పక్క స్తంబం బీటలేసింది. లోన ఊసలు తుప్పట్టి పొరలు పొరలుగా రాలిపోతన్నాయి. జూన్ పన్నెండుకి బడి తెరుస్తారు. గుంటలు మజ్జానం బువ్వ ఆ ట్యాంకు నీడలోనే కూకుని తింతారు. మీరు ఈడికి పిచ్చి నేదని ఒక్క ముక్క రాసిస్తే—"

"తవిటయ్య గారూ, ఆగండి" అన్నాను. "మీరింకా ఏమీ చెప్పకూడదు."

"ఏటి?"

"మీకు నా మీద ఇంకా నమ్మకం కుదరలేదు."

"కుదిరిపోనాదమ్మా. గుమ్మంలో సెప్పులిప్పేటప్పుడే కుదిరిపోనాది. మీ మొకం సూస్తే మా పెద్ద మేనకోడల్నాగున్నారు."

"అది మీరనుకుంటున్నారు. ఆఫీసు అనుకోవాలి."

ఆయన నన్ను కాసేపు చూసి, తను వచ్చిన చోటు సరైనదో కాదో అని గోడ వైపు చూశాడు. గోడ మీద ఇంకా చెరిపించని ఆవు బొమ్మ ఉంది. నేను రిజిస్టరులో "క్లయింటు ఏదో చెప్పబోయారు, వినలేదు" అని రాసి సంతకం పెట్టాను. నిజానికి అంతా విన్నాను. కానీ తొమ్మిదేళ్ళ కాంట్రాక్టు ఏటా మార్చిలో పొడిగించాలి, పొడిగించమని రాయాల్సింది పి.డి. గారు. అప్పటికి నా ధైర్యం అంతే.

మొదటి అంచె చూపు. క్లయింటు మూడు నిమిషాలు కౌన్సెలర్ కళ్ళలోకి చూపు తిప్పకుండా చూడాలి. తవిటయ్య నలభై సెకన్లకి కిటికీ వైపు చూశాడు. రెండోసారి యాభై సెకన్లకి. మా కిటికీలోంచి ఆరో వార్డు ట్యాంకు తల కనిపిస్తుంది. పదహారేళ్ళు దాన్ని కనిపెట్టుకుని ఉన్న మనిషి, చూడొద్దంటే ఎలా ఊరుకుంటాడు? పి.డి. గారు స్టాప్‌వాచ్ నొక్కి, "దృష్టి మళ్ళింపు, సున్నా" అని రాయించేవారు. వారానికి రెండు సిట్టింగులే నిబంధన. మూడో సిట్టింగుకి నూకరాజు పోయి కిటికీ తలుపులు మూసి గడియ పెట్టాడు. అప్పుడు పాసయ్యాడు.

రెండో అంచె నవ్వు. క్లయింటు తనంతట తాను నవ్వాలి, ఆ నవ్వు ఫోటో తీసి, ఏ ఊళ్ళో ఏ చోట నవ్వాడో యాప్ గుర్తించేలా అప్‌లోడ్ చేయాలి. తవిటయ్య నవ్వలేదు. తోడుగా వచ్చిన ఆయన భార్య రవణమ్మ, "పెళ్ళి ఫొటోలోనే నవ్వనేదమ్మా మా ఆయన. ఇప్పుడేటి నవ్వుతాడు?" అంది. ఆవిడే చివరికి ఆయన చెవిలో ఏదో చెప్పింది. ఆయన గుర్రుమని నవ్వాడు. ఏం చెప్పిందని తర్వాత అడిగితే, "ఇంజినీరుగారు కాలవలో జారి పడ్డ సంగతి గేపకం సేసినాను" అంది. ఫోటో బాగా వచ్చింది. సర్వర్ డౌన్ కావడంతో ఆ నవ్వు అప్‌లోడ్ కావడానికి మాత్రం తొమ్మిది రోజులు పట్టింది.

ఈలోగా మే సగమయింది. కొత్త ఆపరేటరు ట్యాంకుని రోజూ నిండా నింపుతున్నాడు. మూడో అంతస్తు వాళ్ళు ఇంజినీరు గారికి శాలువా కప్పారు.

మూడో అంచె పడుట. క్లయింటు వీపు తిప్పి నిలబడి, వెనక్కి ఒరిగి పడాలి. వెనకనుంచి మా సిబ్బంది పట్టుకోవాలి. శిక్షకుడి పుస్తకంలో దీని బొమ్మ ఉందట.

తవిటయ్య సూటిగా పి.డి. గారినే అడిగాడు. "పడిపోద్ది బాబూ అని సెప్పడానికొచ్చినోణ్ణి, పడమంతారేటి?"

"ఇది వేరే పడుటండీ. దీంతో మీ సమస్యకి సంబంధం లేదు. మీ సమస్య ఏమిటో మాకు తెలియదు."

వెనక పట్టుకోవాల్సింది నూకరాజు. నేను ఆడమనిషిని కాబట్టి పనికిరానని ముందే తేల్చారు. తవిటయ్య కళ్ళు మూసుకుని, ఇష్టదైవాన్ని తలుచుకుని ఒరిగాడు. సరిగ్గా ఆ క్షణంలో నూకరాజుకి నడుం పట్టేసింది. తవిటయ్య తల వెనక బెంచీ కోడుకి తగిలి, నాలుగు కుట్లు పడ్డాయి. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పి.డి. గారు మాత్రం సర్క్యులర్ తీసి ప్రశాంతంగా చదివారు.

"నిబంధనలో క్లయింటు పడవలెను అనే ఉంది. పట్టుకొనుటకు మార్కులు కేటాయించలేదు. కాబట్టి ఇరవయ్యైదుకి ఇరవయ్యైదు. చాలా చక్కగా పడ్డారు."

కట్టుతో ఉన్న తవిటయ్యకి చేయి కలిపి అభినందించారు కూడా. ఆ ఫోటో సర్వర్ వెంటనే తీసుకుంది.

ఆ సాయంత్రం ఇంటికి పోతూ పోతూ ఆరో వార్డు బడి వైపు తిరిగాను. ఎందుకు తిరిగానో నాకే తెలియదు. గేటు తీసే ఉంది. ఆవరణలో చెట్టన్నది లేదు, ట్యాంకు నీడ ఒక్కటే. ఆ నీడలో నేల మీద సున్నంతో గీసిన గీతలున్నాయి, పిల్లలు వరసగా కూర్చుని తినడానికి. తూర్పు స్తంభం దగ్గరికెళ్ళాను. బీట నా భుజం ఎత్తునుంచి పైకి పాకింది. వేలు పెడితే రెండో కణుపు దాకా దూరింది. వేలు తీస్తే తుప్పు అంటుకొచ్చింది. పైనుంచి నీటి బొట్టు ఒకటి నా మెడ మీద పడింది. తల ఎత్తి అంత నీళ్ళ కింద నిలబడి చూస్తే, రిజిస్టరులో వినలేదని రాసుకున్న మాటలన్నీ వరసగా వినపడ్డాయి. సిగ్గేసింది.

మర్నాడు పి.డి. గారి గదిలోకెళ్ళి, "సార్, ట్యాంకు నిజంగానే బీటలేసింది" అన్నాను.

ఆయన కళ్ళద్దాలు తీశారు. "మీరు క్లయింటు సమస్య విన్నారా?"

"లేదు సార్. వెళ్ళి చూశాను."

"చూచుట అనేది కళ్ళతో వినుటే హైమవతి గారూ. నాలుగో అంచె మిగిలి ఉండగా మీరు సమస్యలోకి ప్రవేశించారు. ఇది ప్రక్రియ ఉల్లంఘన."

"సార్, జూన్ పన్నెండున నూట అరవై మంది పిల్లలు దాని కింద కూర్చుంటారు."

"ఆ సంఖ్య కూడా మీకు తెలియకూడదు."

ఆయనతో లాభం లేదని ఇంజినీరు గారికే నేరుగా ఉత్తరం రాశాను. రెండో రోజునే జవాబొచ్చింది, నాకు కాదు, పి.డి. గారికి. "తవిటయ్య యొక్క నిరాధార భయము మీ కౌన్సెలర్‌కు సంక్రమించినట్లు స్పష్టమగుచున్నది. ఆమెకు తగిన కౌన్సెలింగ్ ఇప్పించి, ఆమె మానసిక స్థితిపై నివేదిక పంపగలరు. అంతవరకు ఆమె ఉత్తరము పరిశీలించబడదు."

కేంద్రంలో ఉన్న కౌన్సెలర్ని నేనొక్కదాన్నే. పి.డి. గారు ఒక రాత్రంతా ఆలోచించి దారి కనిపెట్టారు. నేనే క్లయింటుగా నమోదు కావాలి, నేనే కౌన్సెలర్‌గా ఎదురు కూర్చోవాలి, మధ్యలో అద్దం పెట్టాలి. నూకరాజు మంగలి షాపు నుంచి ఒక నిలువుటద్దం అడిగి తెచ్చాడు.

చూపులో నాకు పూర్తి మార్కులొచ్చాయి. కోపంగా చూసినా చూపు చూపే. నవ్వులో పన్నెండు. మూడో అంచెలో చిక్కొచ్చింది. వెనక్కి పడాల్సిందీ నేనే, పట్టుకోవాల్సిందీ నేనే. పి.డి. గారు నన్ను రెండుసార్లు ఒరగమని, వెంటనే వెనక్కి పరిగెత్తి పట్టుకోమని అడిగారు. వీలు కాదని తేలాక, ప్రయత్నానికి సగం మార్కులు కలిపారు. నాలుగోదాంట్లో నా రహస్యం నాకు నేను చెప్పుకోవాలి. అది నాకు ముందే తెలుసు కాబట్టి రహస్యం కాదని కొట్టేశారు. మొత్తం నలభై తొమ్మిదిన్నర. నా మీద నాకు తగినంత నమ్మకం లేదనీ, కాబట్టి నా సమస్య నేను వినడానికి వీల్లేదనీ ఆఫీసు ముద్రతో కాగితం ఇచ్చారు. ఇప్పటికీ నా దగ్గరుంది. ఇంట్లో మా ఆయనకి చూపిస్తే, వాళ్ళ లెక్క కరెక్టే అన్నాడు. రెండు రోజులు మాట్లాడలేదు ఆ మనిషితో.

ఇక తవిటయ్య నాలుగో అంచె. క్లయింటు తన సమస్యతో సంబంధం లేని రహస్యం ఒకటి చెప్పాలి. మూడు ప్రతులు, గెజిటెడ్ అధికారి ధృవీకరణతో. ఆ తర్వాత ఆ రహస్యం నిజమో కాదో తేల్చడానికి నోటీసు బోర్డులో పెట్టి, ఏడు రోజుల్లోగా ప్రజల అభ్యంతరాలు కోరాలి.

"నాకు రహస్యాలేటీ నేవు తల్లీ" అన్నాడు తవిటయ్య. "కడుపులో ఉన్నదొక్కటే. అది మీరు సెప్పనివ్వరు."

"ఏదో ఒకటి ఉంటుంది. గుర్తు చేసుకోండి. మే ఆఖరు దగ్గరికొచ్చేస్తోంది."

చాలాసేపు టోపీ తిప్పుకుంటూ కూర్చుని, తలుపు దగ్గర రవణమ్మ లేదని చూసుకుని, గొంతు తగ్గించాడు. పెళ్ళయిన కాడినుంచి ఇరవయ్యారేళ్ళుగా భార్య వండే చేపల పులుసు ఆయనకి నచ్చదు. చింతపండు ఎక్కువేస్తుంది. చెబితే బాధపడుతుందని మాట్లాడకుండా తింటున్నాడు.

మూడు ప్రతులు రాయించాను. సంతకానికి ఇంజినీరు గారి దగ్గరికి పోతే, మానసిక స్థితి తేలని మనిషి పులుసు గురించి చెప్పే మాట చెల్లదన్నారు. ఆ రోజు దేవుడిలా పశువుల డాక్టరు గారు, మా గుమ్మంలో ఆగిపోయిన ఒక గేదెని వెతుక్కుంటూ వచ్చారు. ఆయనా గెజిటెడ్ అధికారే. గేదె వీపు మీద కాగితాలు పెట్టుకుని మూడింటి మీదా సంతకాలు పెట్టారు. ఒక్క ప్రశ్న అడగలేదు. ఆయన దగ్గరికొచ్చేవాటిలో ఏదీ నోరు విప్పి చెప్పుకోదు, అయినా ఆయన వైద్యం ఆగదు.

రహస్యం నోటీసు బోర్డెక్కింది. రెండో రోజు రవణమ్మ వచ్చింది. చదువు రాదు గానీ, దారిన పోయేవాళ్ళు నలుగురూ చదివి నవ్వి వినిపించారు. ఆవిడ ఏడవలేదు, తిట్టలేదు. నా బల్ల ముందు కూర్చుని, "అబ్యంతరం రాయండి" అంది. రాశాను. పులుసు నచ్చలేదన్నది పచ్చి అబద్ధమనీ, ప్రతిసారీ మారు అడిగి వేయించుకునేవాడనీ, కావాలంటే మరిదిని, తోటికోడల్ని సాక్ష్యం అడగమనీ. వేలిముద్ర వేసి వెళ్ళిపోయింది.

పి.డి. గారు అభ్యంతరాన్ని అంగీకరించి, రహస్యము అసత్యమని రద్దు చేయడానికి ఫైలు పెట్టారు. కొత్త రహస్యం, కొత్త గెజిటెడ్ సంతకం, మళ్ళీ ఏడు రోజులు. అంటే జూన్ పన్నెండు దాటిపోతుంది.

ఆ సంగతి చెప్పడానికి వాళ్ళింటికెళ్ళాను. మొగుడూ పెళ్ళాం చెరో గోడకి చేరి కూర్చున్నారు. పొయ్యి వెలగలేదు. నేను తేదీల లెక్క చెప్పాను. రవణమ్మ లేచి చీర కుచ్చిళ్ళు దులుపుకుంది.

"పదండమ్మా. కాయితం రాయండి."

"ఏమని?"

"నా పులుసు బాగోదని. ఒప్పేసుకున్నానని. గుంటల పేనాల ముందు పులుసేటి? రాయండి."

ఇరవయ్యారేళ్ళుగా తన చేపల పులుసు బాగుండటం లేదనీ, చింతపండు అధికమనీ బొడ్డేపల్లి రవణమ్మ తెలివితో, ఇష్టపూర్వకంగా ఒప్పుకుంటూ అభ్యంతరం వెనక్కి తీసుకుంది. ఆ కాగితం రాస్తుంటే నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా ఉద్యోగంలో నేను చూసిన నమ్మకం అంటే అదొక్కటే. దానికి మార్కుల గడి లేదు.

జూన్ పదిన తవిటయ్యకి నూటికి ఎనభై అయిదు వచ్చాయి. నవ్వు ఆలస్యంగా అప్‌లోడ్ అయినందుకు పదిహేను కోశారు.

పి.డి. గారి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. రాష్ట్రంలోనే మొట్టమొదటి ధృవీకృత విశ్వాసం! సభ పెట్టాలన్నారు. మా కేంద్రంలో పదిమంది పట్టరు. జూన్ పదకొండున బడిలో పుస్తకాలు, యూనిఫాం పంచుతారు, తల్లిదండ్రులంతా వస్తారు. ఆ సభలోనే పత్రం ఇచ్చేద్దామని నిర్ణయించారు. క్లయింటుని పంపిన అధికారి కాబట్టి ఇంజినీరు గారే ముఖ్య అతిథి.

పదకొండున ఎండ నిప్పులు చెరిగింది. అద్దె కుర్చీలు తెచ్చిన కుర్రవాడు ఎక్కువ ఆలోచించకుండా బల్లలూ కుర్చీలూ ట్యాంకు నీడలోనే వేశాడు. ఆ ఆవరణలో నీడంటే అదే. రెండు వందల మంది తల్లులూ తండ్రులూ వచ్చి నీడ చుట్టూ నిలబడ్డారు. తవిటయ్య ఆ కుర్చీల్ని చూసి, "అక్కడొద్దు బాబూ" అన్నాడు. పి.డి. గారు, "పత్రం అందుకున్నాక మాట్లాడాలి" అని వేలు పెదవుల మీద పెట్టుకున్నారు.

అప్పుడు ఇంజినీరు గారి జీపొచ్చింది. దిగి, నవ్వుతూ అందరికీ నమస్కారాలు పెడుతూ వచ్చి, తన కుర్చీ ఎక్కడుందో చూశారు. ఒక్కసారి తల ఎత్తి పైకి చూశారు. అంతే, ఒక్కసారే. నవ్వు చెదరలేదు.

"ఇక్కడ గాలాడటం లేదు. కుర్చీలు అటు వేయండి" అన్నారు.

అటు అంటే ఆవరణ అవతలి మూల. గోడకి ఆనుకుని, మిట్టమధ్యాహ్నపు ఎండలో. కుర్రవాడు అర్థం కాక, "అటు ఎండ సార్" అన్నాడు.

"ఎండలో డి విటమిన్ ఉంటుంది, మంచిదే. వేయండి."

ఆయన కదిలేసరికి పి.డి. గారూ కదిలారు, హోదాలో పెద్దవాడు కదిలితే కూర్చోవడం మర్యాద కాదు గనక. ఆయన వెనక మునిసిపల్ వార్డు కౌన్సిలర్లు, వాళ్ళ వెనక పంతుళ్ళు. వేదికంతా పోయి ఎండలో కూర్చుని, చేతిరుమాళ్ళు తలలమీద వేసుకుంది. ఎదురుగా చల్లని నీడ, సున్నపు గీతలతో సహా, ఒక్క మనిషి లేకుండా పరుచుకుని ఉంది. తల్లులు నీడ వైపు చూశారు, ఇంజినీరు గారి వైపు చూశారు, మళ్ళీ పైకి చూశారు. ఎవరూ పిలవకుండానే ఒక్కొక్కరే పిల్లల్ని రెక్క పట్టుకుని వెనక్కి జరిగారు.

పి.డి. గారు చెమటలు కక్కుతూ నమ్మకం గురించి ఇరవై నిమిషాలు మాట్లాడారు. పత్రం ఇచ్చారు, దండ వేశారు, మైకు తవిటయ్య చేతికిచ్చారు.

"తవిటయ్య గారూ, నేటితో మీకు సంపూర్ణ అర్హత లభించింది. ఇప్పుడు మీ సమస్య చెప్పుకోవచ్చు. మేము వింటాము."

తవిటయ్య పత్రం వంక చూశాడు. ఎండలో కాగిపోతున్న ఇంజినీరు గారి వంక చూశాడు. ఖాళీ నీడ వంక చూశాడు.

"ఇంక నాను సెప్పడానికేటీ నేదు బాబూ" అన్నాడు మైకులో. "అందరికీ తెలిసినట్టే ఉంది."

మైకు కింద పెట్టేశాడు. పి.డి. గారు నా చెవి దగ్గరికి వంగి, "రాసుకోండి. సమస్య ఏదీ లేదని క్లయింటు స్వయంగా తెలియజేశారు. ఫైలు మూసివేయడమైనది" అన్నారు.

అధికారుల జీపులు వెళ్ళాక జనం వెళ్ళలేదు. రవణమ్మ కొత్త ఆపరేటరు ముందుకెళ్ళి చేయి చాచింది. అతను తాళాలిచ్చేశాడు. "నాకూ బయమే పిన్నీ. రోజూ నింపేసి పరిగెట్టుకుని పోతన్నాను" అన్నాడు. ట్యాంకు కడిగేటప్పుడు నీళ్ళు వదిలే వాల్వు తవిటయ్య విప్పాడు. సాయంత్రం దాకా నీళ్ళు పారాయి. బిందెడు నీళ్ళ కోసం కొట్టుకునే వార్డది. ఆ రోజు అన్ని నీళ్ళు కాలవలో పోతుంటే మూడో అంతస్తు వాళ్ళు కూడా ఒక్క మాట అనలేదు.

పన్నెండున బడి తెరిచారు. పిల్లలు వరండాలో ఇరుకిరుగ్గా కూర్చుని తిన్నారు.

పదమూడున తవిటయ్యని సస్పెండ్ చేశారు. పధ్నాలుగున ఇంజినీరు గారు పైకి నివేదిక పంపారు: ట్యాంకు నేటికీ కూలలేదు కనుక భయము నిరాధారమని రుజువైనది, తక్షణము నింపవలెను. నింపడానికి మనిషి కావాలి. ఉన్న నలుగురు ఆపరేటర్లనీ ఒక్కొక్కరినే పిలిచారు. నలుగురూ భయంగా ఉందని రాసిచ్చారు. నలుగుర్నీ మానసిక స్థితి తేల్చమని మా కేంద్రానికి పంపారు.

ఒక్క రోజులో నలుగురు కొత్త క్లయింట్లు వచ్చారని పి.డి. గారు పొంగిపోయి, నా మార్కుల సంగతి మర్చిపోయి, మంగలి షాపు అద్దం తిప్పి పంపేశారు. "ఒక్కొక్కరికీ నలభై రోజులు చాలు. మొదలుపెట్టండి" అన్నారు.

నేను నలుగుర్నీ ఒకేసారి లోపలికి పిలిచాను. తవిటయ్యకి కబురు పెడితే ఆయనా వచ్చాడు. తలుపు గడియ వేశాను. "చెప్పండి" అన్నాను. ఒకరి మాట ఇంకొకరు అందుకుంటూ, ఏ స్తంభం ఎక్కడ ఎప్పుడు పగిలిందో, ఎవరికి ఎన్నిసార్లు చెప్పుకున్నారో, ఏమని తిట్లు తిన్నారో అంతా చెప్పారు. బయట పి.డి. గారు రెండుసార్లు తలుపు తట్టారు. తీయలేదు.

ఆ మధ్యాహ్నమే అయిదు నివేదికలు రాసి, నేనే పట్టుకెళ్ళి మునిసిపల్ ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకున్నాను. అయిదింటిలోనూ ఒకే సంగతి. "ఇతని మానసిక స్థితి బాగుంది. ట్యాంకు స్థితి బాగాలేదు." నివేదిక అందాక ఫిర్యాదు పరిశీలిస్తామని వాళ్ళే రాసిచ్చారు కాబట్టి, పరిశీలించక తప్పలేదు. జిల్లా నుంచి వచ్చిన ఇంజినీర్లు స్తంభాన్ని సుత్తితో ఒక్క దెబ్బ కొట్టి చూసి, రెండో దెబ్బ కొట్టకుండా దూరంగా వచ్చేశారు. ఇప్పుడు దాన్ని కూలగొడుతున్నారు. తవిటయ్య సస్పెన్షన్ మీద విచారణ ఇంకా నడుస్తోంది.

నాకు మెమో వచ్చింది. ధృవీకరణ పొందని నలుగురు క్లయింట్ల, ఫైలు మూసివేసిన ఒక క్లయింటు యొక్క సమస్యను తలుపు మూసి మరీ వినినందుకు మీ కాంట్రాక్టు ఎందుకు రద్దు చేయరాదో, మూడు రోజుల్లో వివరంగా సంజాయిషీ ఇవ్వమని.

వివరంగా రాయడానికి నాకేం తోచలేదు. కాగితం మీద తేదీ వేసి, "విన్నాను" అని రాసి, సంతకం పెట్టి ఇచ్చాను.